గురువారమాయన

“నువ్వు రాసిన వైన్ ఒట్టి పులుపమ్మా,” అన్నాడాయన కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

వారపత్రికలో ‘ఈ వేసవికి’ పేజీ రాసే ఆమెకు తల బాదుకోవాలనిపించింది.

మూడు వేసవులుగా ఇదే తంతు. గురువారం పదకొండు కొట్టేసరికి ఆయన చెమటలు కక్కుతూ మెట్లెక్కి వస్తాడు. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. ఆఫీసులో అందరికీ ఆయన గురువారమాయనే.

ఏ వైన్ చల్లగా తాగాలో, ఎండలకు ఏ బట్టలు హాయిగా ఉంటాయో, ఏ హాల్లో ఏ సినిమా చూడాలో ఆ పేజీ చెబుతుంది. రాసే ఆమె మాత్రం వాటిలో ఒక్కటీ ఎరగదు. దుకాణాలవాళ్లు పంపిన కాగితాలు ముందేసుకుని, ఫ్యాను కింద కూర్చుని నోరూరేలా రాసి పడేస్తుంది.

ఆయన అలా కాదు. పోయిన వారం రాసినవన్నీ పనిగట్టుకుని చేసొచ్చి చెబుతాడు. నువ్వు మెచ్చుకున్న చొక్కా ఒక్క ఉతుక్కే బొడ్డు పైకి ఎక్కిందన్నాడు. ఆ సినిమా హాల్లో ఫ్యాన్లు తిరగవు, కథ నాకు తెలీదు, నా చెమట సంగతి అడిగితే చెబుతానన్నాడు. ఊరి చివర తోటవాళ్లు చేసే వైన్ తడిగుడ్డ చుట్టి పెడితే ప్రాణం లేచొస్తుంది, ఓసారి రుచి చూసి రాయమన్నాడు.

ఆ రోజు ఆమె మనసు మనసులో లేదు. పొద్దున్నే ఓనరు పిలిచి, ఆ పేజీ కూలర్ల ప్రకటనకు ఇచ్చేద్దామనుకుంటున్నానన్నాడు. పేజీ పోతే ఆమె ఉద్యోగమూ పోయినట్టే.

వారం వారం వచ్చే పది ఉత్తరాలే అప్పటికి ఆదుకున్నాయి. ఒక రిటైర్డు మాస్టారు, ఒక పిల్లల తల్లి, ఒక కాలేజీ కుర్రాడు, ఇంకా కొందరు. మీ పేజీ లేకపోతే మాకు వేసవి గడవదని ప్రాణం పెట్టి రాసేవాళ్లు. అవి వస్తున్నన్నాళ్లూ పేజీ ఉంచుతానని ఓనరు ఒప్పుకున్నాడు.

పొద్దుటి చిరాకంతా ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి మీదికి మళ్లింది.

“చూడండీ, నాకు పదిమంది పాఠకులున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను, మీ కోసం కాదు. ఇంకెప్పుడూ రాకండి. అసలు ఆ పేజీయే చదవకండి.”

ఆఫీసంతా తలెత్తి చూసింది. ఆయన కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

“సరేనమ్మా, చదవను.”

లేచి వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకుందామె.

మరుసటి వారం ఉత్తరాలు రాలేదు.

ఆ పైవారమూ ఒక్కటి లేదు. ఓనరు శనివారం సాయంత్రం దాకా గడువిచ్చాడు.

శనివారం మిట్టమధ్యాహ్నం ఆమె పాత ఉత్తరాలు సంచిలో వేసుకుని, చిరునామాలు వెతుక్కుంటూ బయల్దేరింది. కాళ్లావేళ్లా పడైనా మళ్లీ రాయించుకోవాలి.

మాస్టారి చిరునామాకి వెళ్తే బట్టలకొట్టు వచ్చింది. అలాంటి మాస్టారెవరూ ఇక్కడ లేరన్నారు. పిల్లల తల్లి చిరునామాలో సినిమా హాలు ఉంది. కాలేజీ కుర్రాడిది ఊరి చివర వైన్ దుకాణం. మొదటి రెండూ తన పేజీలో ఆమె తెగ పొగిడినవే. వాటిని కళ్లతో చూడటం మాత్రం అదే మొదలు. ఆమెకు సిగ్గేసింది.

వైన్ దుకాణంలోని ముసలావిడకు తను పత్రికాఫీసు నుంచి వచ్చానని చెప్పి, ఉత్తరం చూపించి, ఈ కుర్రాడు ఎక్కడుంటాడని అడిగింది.

ఆవిడ ఉత్తరం చూసి, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

“కుర్రాడెక్కడి కుర్రాడు తల్లీ? డెబ్బై దాటాయి. మొన్న సోమవారం పోయాడు. వడదెబ్బన్నారు. నా అనేవాళ్లెవరూ లేరు పాపం.”

పోనీ మిగతా వాళ్లయినా తెలుసేమోనని, ఆమె తక్కిన ఉత్తరాలన్నీ తీసి బల్ల మీద పరిచింది. ఆవిడ ఒక్కొక్కటే తిరగేసింది.

“ఇవన్నీ ఈ బల్ల మీద రాసినవే. కొన్ని కుడిచేత్తో, కొన్ని ఎడంచేత్తో. ఆ అమ్మాయి చేతిలో రాత ఉంది, రుచే ఇంకా తెలీలేదు, తెలిసేదాకా పేజీ ఆగిపోకూడదు అనేవాడు. బుధవారం ఇక్కడ కూర్చుని పదిమందై రాసేవాడు, గురువారం మాత్రం తానొక్కడిగా మీ ఆఫీసుకి వచ్చేవాడు.”