మూడో మలుపులో చప్పుడు

"ఆపండి! ఇంకో ట్రిప్పు వదలొద్దు!"

ఒళ్ళో అదిమి పట్టిన ఇనుప కడ్డీ పైకి లేచీ లేవకముందే మేస్త్రీ రోలర్ కోస్టర్ బండి దిగిపోయాడు. దిగి బయటి దారి పట్టలేదు. నేరుగా వెళ్ళి మొదటి పెట్టె ముందు, పట్టాల మధ్య నిలబడ్డాడు.

"పెద్దాయనా, దారి ఎడమ పక్కన," అన్నాడు ఆపరేటర్.

"దారి నాకు చెప్పకు. మూడో మలుపులో బోల్టు వదిలింది. మీ ఇంజనీరమ్మను పిలువు."

క్యూలో ఎవరో "హడలిపోయినట్టున్నాడు పాపం" అన్నారు. నలుగురు నవ్వారు.

మేస్త్రీ భార్య ఇంకా పెట్టెలోనే కూర్చుని, చెదిరిన జుట్టు ముడేసుకుంటోంది. "ఇవతలికి రండి. ఎవరైనా చూస్తే బాగుండదు."

"అందరూ చూస్తూనే ఉన్నారుగా."

"అదే చెబుతున్నా. పక్క గదిలోంచి పదిసార్లు పిలిచినా పలకని మనిషికి, ఆ చీకట్లో, అంతమంది కేకల్లో బోల్టు చప్పుడు వినపడిందా?"

ఆ మాట మేస్త్రీకి ఎక్కడో తగిలింది. చెప్పుల వంక చూసుకున్నాడు. కదల్లేదు మాత్రం.

రేకుల షెడ్డులో ఉత్తుత్తి గని కట్టి, అందులో తిప్పే ఈ రోలర్ కోస్టర్‌ని ఇరవై ఎనిమిదేళ్ళు కనిపెట్టుకుని ఉన్నది ఆయనే. రోజూ జనం రాకముందే పట్టాల వెంట నడిచి, ఒక్కో బోల్టునూ తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. పని మానేసి ఆరేళ్ళయింది. ఒక్కసారైనా ఎక్కించమని భార్య పోరితే, ఇవాళే మొదటిసారి జనంలో ఒకడిగా ఎక్కాడు.

ఇంజనీరమ్మ పరుగున వచ్చింది. "అయ్యో, మేస్త్రీ గారూ! మీరా?"

"పలకరింపులు తర్వాత. మూడో మలుపు, బయటి పట్టా. టక్... టక్‌టక్. అతుకు కదులుతోంది. పసిపిల్లలెక్కే బండమ్మా ఇది."

"పొద్దున్నే చూశామండీ."

"మళ్ళీ చూడు."

ఎవరు చప్పుడు విన్నామన్నా బండి ఆపాల్సిందేనని ఆమెకు నేర్పింది ఆయనే. క్యూను బయటికి పంపి, దీపాలన్నీ వేయించింది.

వెలుతురు పడేసరికి గని కాస్తా దుమ్ము పట్టిన రేకుల కొట్టమైంది. భార్యతో సహా ముగ్గురూ పట్టాల పక్క చెక్కబల్లల దారి వెంట నడిచారు. రెండో దూలం దగ్గర మేస్త్రీ చూడకుండానే తల వంచాడు. వెనక వస్తున్న ఇంజనీరమ్మ నుదురు కొట్టుకుంది.

రెండో మలుపులో టోపీ పెట్టుకున్న అస్థిపంజరం ఒకటి వేలాడుతోంది.

"ఇందాక నన్ను హడలగొట్టింది ఇదా?" అంది భార్య. "ముందు పళ్ళు రెండు తెల్లగా ఉన్నాయేం?"

"పాతవి ఊడితే నేనే పెట్టాను."

"ఇంట్లో మేకు కొట్టమంటే నెల పట్టేది. దీనికి పళ్ళు కట్టారా!"

మేస్త్రీ నవ్వాడు. ఆ బొమ్మ భుజం మీది దుమ్ము తుడిచి ముందుకు నడిచాడు.

మూడో మలుపులో మోకాళ్ళ మీద కూర్చుని పానా అందుకున్నాడు. పదహారు బోల్టులు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఒక్కటి కూడా పిసరంత కదల్లేదు.

ఆయన అడగ్గా ఖాళీ బండి ఒకసారి తిప్పించారు. కంచె వెనక నిలబడి ముగ్గురూ విన్నారు. బండి మలుపులోంచి పిల్లిలా జారిపోయింది.

"వినపడిందమ్మా," అన్నాడు మేస్త్రీ. గొంతు బాగా తగ్గింది. "నిజంగానే వినపడింది."

ఈసారి భార్య దెప్పలేదు. పక్కకు వచ్చి నిలబడి, "నాకూ వినపడినట్టే ఉంది," అంది. అబద్ధమని ఆయనకు తెలుసు.

ఇంజనీరమ్మ నుదురు రుద్దుకుంటున్నదల్లా ఆగిపోయింది. "ఒక్క నిమిషం." ఫోను తీసి కంట్రోల్ రూముకు చెప్పింది. "బండి వదలకు. సౌండ్ మాత్రం వెయ్యి."

రాళ్ళ బొమ్మల వెనకనుంచి గడగడమని మోత లేచింది. గొలుసు లాగిన చప్పుడు, చక్రాల ఉరుము. ఆ తర్వాత, టక్... టక్‌టక్.

"అదే! అదే!"

"కొత్త చక్రాలు వేశామండీ. వాటికి చప్పుడే లేదు. చప్పుడు లేకపోతే జనానికి భయమెయ్యడం లేదు. అందుకని పాత బండిని తీసేసేముందు ఖాళీగా తిప్పి, ఆ మోత రికార్డు చేసి, జనం ఎక్కినప్పుడల్లా స్పీకర్లలో వేస్తున్నాం."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ వేయించమ్మా."

మళ్ళీ వేశారు. "ఈ మూలుగు రెండో పెట్టెది," అన్నాడు భార్యతో, ఇంటి మనిషిని చూపించినట్టు. "గొలుసు చూడు, ఎక్కేటప్పుడు ఎలా ఆయాసపడుతోందో. ఎంత నూనె పోసినా అంతే." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని వింటూ ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళు పొద్దున్నే ఇల్లు వదిలి ఆయన ఎక్కడికి పరిగెత్తేవాడో ఆవిడకు ఇవాళ తెలిసింది.

టక్... టక్‌టక్ అన్నచోట మేస్త్రీ కళ్ళు తెరిచాడు. నొసలు ముడిపడింది.

"నా చెవి బాగానే ఉంది. సరే. కానీ నేనున్నన్నాళ్ళూ అక్కడ బోల్టు వదల్లేదు. నా తర్వాత వచ్చినవాడెవడో లోపలికి అడుగైనా పెట్టకుండా, అన్నీ చూశానని రిజిస్టరులో సంతకం పడేసి ఉంటాడు. ఎవడమ్మా ఆ దద్దమ్మ?"

"ఇప్పుడెందుకు లెండి."

"చెప్పు. వాడి చెవి మెలిపెట్టి అడగాలి."

ఇంజనీరమ్మ ఒకసారి మేస్త్రీ భార్య వంక, ఒకసారి పట్టాల వంక చూసింది.

"అది మీ వీడ్కోలు రోజున రికార్డు చేశామండీ. ఫోటోలకు అందరూ ఎదురుచూస్తున్నారని, ఆ పొద్దున లోపలికి నడవకుండానే సంతకం పెట్టింది మీరే."