ఎలేనా పంతులమ్మ

"బడి మూసేయాలమ్మా. తాళంచెవి ఇటివ్వండి."

గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆ మాట అనగానే పద్మ గుండె గుభేలుమంది. ఇది నాటకానికి రిహార్సలేనని, ఇలాంటి మాటే తన చేత్తో రాసుకుందని తెలిసి కూడా తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

యూసుఫ్ సాబ్ ముందే హెచ్చరించాడు. ఆదోనిలో ఎవరు నాటకం ఆడినా దుర్మార్గుడి వేషం ఆయనదే. ఆయన్ను చూడటం పద్మకు ఇదే మొదలు. "అమ్మా, నేను రాసింది రాసినట్టు సెప్పేవాణ్ని కాదు. వేషం కట్టినానంటే వాకిట్లోంచే వేషం. నడమ పేరు పెట్టి పిలిస్తే నాకు కోపమొస్తాది. మీరు మాత్రం భయపడకుండా ఎదురు మాట్లాడాల," అని, ఈ పూట రిహార్సలుకు వస్తానని నిన్న ఫోనులో గట్టిగా చెప్పాడు.

భయపడకుండా ఉండటమే పద్మకు చేతకాని పని. పోయినసారి ఒక అధికారి వచ్చి కసిరితే పాపం తన పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. రేపు ఇంకొకాయన వస్తున్నాడు. ఈ బడిని పక్కూరి బడిలో కలిపేస్తాడట. "సెప్పిన దినం ఏ ఆఫీసరొచ్చినాడు లేమ్మా!" అని వంట చేసే ఉరుకుందమ్మ పొద్దున ధైర్యం చెప్పింది కానీ, ఆ భయంతోనే పద్మకు అన్నం సయించడం లేదు.

నాటకం పుట్టిందీ ఆ భయంలోంచే. పంతొమ్మిదో శతాబ్దంలో రొమేనియా పల్లెలో కూలివాళ్లింట పుట్టి, ఊరి బడిలో పంతులమ్మై, చివరికి అదే బడికి ప్రిన్సిపాలైన ఎలేనా కథను పద్మ మధ్యాహ్నాలు పిల్లలకు చెప్పేది. పరాయి పాలకులు "మీ భాషలో చదువులొద్దు, బడి మూయండి" అని అధికారిని పంపితే, ఎలేనా అతణ్ని పిల్లల పక్కన కూర్చోబెట్టి పాఠం వినిపించింది. అయినా అతను తాళం వేయించే పోయాడు. ఆమె బయట మంచులో నిలబడి చదువు చెప్పింది. బడి ఉన్నా పోయినా నెలాఖరుకు ఈ కథ ఆడాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. ఎలేనా వేషం పద్మకే అంటగట్టారు.

"తాళంచెవి ఇవ్వను," అంది పద్మ. గొంతు కీచుమంది.

ఆయన తెల్లబోయాడు. రోడ్డు మీద దిగి నడిచొచ్చినట్టు బూట్ల నిండా దుమ్ము. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. పంతొమ్మిదో శతాబ్దపు అధికారికి ప్లాస్టిక్ ఫైలేమిటో!

"ఇవ్వరా? పిల్లలు తక్కువున్నారు, పక్కూరి బడిలో కలపమని పైనుంచి ఆర్డరమ్మా! అయినా ఈ ఎండలో తలకు ఆ నల్లశాలువా ఏంది?"

రేపటి సంగతంతా ఫోనులో తాను చెప్పుకున్నదే. దాన్నంతా సాబ్ పాత్రలోకి ఎక్కించేశాడు.

"మా దేశంలో చలి ఎక్కువ దొరా," అంది పద్మ. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"తమాషాగా ఉందా?" ఆయన ఫైలును బల్ల మీద టప్పున కొట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. పద్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక ఆపేద్దామా అనిపించింది. మధ్యలో ఆపితే ఆయనకు కోపం. ఆపకపోతే తన ప్రాణం పోయేలా ఉంది.

"కూర్చోండి," అంది కళ్లు మూసుకుని. "పిల్లల పక్కన కూర్చోండి. మూసేది ఏ బడినో చూసి మూయండి."

ఆయన ఏదో అనబోయి, పిల్లల మొహాలు చూసి, చాప మీద కూలబడ్డాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే రుక్సార్ లేచి తెలుగు పాఠం గడగడా చదివింది. కన్నడ సరిహద్దులోని హొళగుంద నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్లకు దాన్నే కన్నడంలో విడమరిచి చెప్పింది.

పొయ్యి దగ్గర నుంచి ఉరుకుందమ్మ వచ్చింది. "అయ్యా, ఈ బడి మూస్తే పిల్లోళ్లు యాడికి పోవాల? ఆదోని రోడ్డు దాటాల. పత్తి లారీలు ఎట్ల వస్తాయో సూసినావా? పోయినేడు నా మనవరాలు ఆడ్నే పడిపాయ. కాలు ఇంగా సక్కగా రాలే." చెంగుతో కళ్లు ఒత్తుకుంది. అసలామెకు నాటకంలో వేషమే లేదు.

పద్మ ఒకడుగు ముందుకేసింది. "పటం మీద ఈ బడి నుంచి ఆ బడికి గీత గీసినారు. ఆ గీత మీద లారీలు తిరుగుతాండాయి దొరా. ఒక్క పూట వీళ్ల చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించండి. తర్వాత తాళంచెవి నేనే ఇస్తా."

ఈ మాటలు ఎలేనావి కావు.

ఆయన రోడ్డు వైపు చూశాడు. తర్వాత ఫైలు తెరిచి, పెన్ను తీసి, ఏదో రాసి సంతకం పెట్టాడు.

"ఈ బడి ఈడ్నే ఉంటాదమ్మా. పైవాళ్లకు నేను సెప్పుకుంటా," అని లేచి గబగబా నడిచాడు.

పద్మ ఉసూరుమంది. తాళం పడకపోతే మంచు సీనెక్కడిది? కథంతా తారుమారు చేసేశాడు. "టీ తాగి పొండి సాబ్!" అని కేకేసింది. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు.

"రేపు గూడా ఇట్లే మాట్లాడమ్మా," అంది ఉరుకుందమ్మ.

"రేపొచ్చేది నిజం ఆఫీసరు. నా నోట్లోంచి గాలి కూడా రాదు," అంది పద్మ.

ఫోను మోగింది. యూసుఫ్ సాబ్. ఏదో మరిచిపోయినట్టున్నాడు.

"సాబ్, ఏం నటించినారు! భయంతో సచ్చిపోయినా అనుకోండి," అంది.

అటువైపు బస్సుల హారన్లు, ఎవరిదో కేక, తర్వాత అయోమయంగా ఒక గొంతు.

"నేనింకా ఆదోని బస్టాండులోనే ఉండానమ్మా."