గుంట పడని కాళ్ళు

"బోదకాలే గదా డాక్టరమ్మా?" ఘన్‌పూర్ నుంచి పొద్దుటి బస్సుకే జనగామ దవాఖానకు వచ్చిన కిరాణా కొట్టు కస్తూరి ఆదుర్దాగా అడిగింది.

ఆమె కూతురు శకుంతల పిక్కను డాక్టరమ్మ వేలితో నొక్కింది. పిల్ల కెవ్వుమంది.

"బోదకాలైతే పాదం గూడ వాస్తదమ్మా. నొక్కితే గుంట పడ్తది. ఈ పిల్లకు రెండూ లేవు."

"అయితే తిండి బలుపే! రెండేండ్ల సంది పూటకొక్క రొట్టె పెడుతున్న. అయినా తగ్గుతలేదు."

"పైన చూడు, మెడకింద బొక్కలు తేలినయి. రెండు కాళ్ళల్లనే కొవ్వు చేరే జబ్బు ఇది. పస్తులుంటే పోదు. జర గట్టిగ పట్టుకున్నా నొస్తది, కములుతది. ఈ నీలి మచ్చలేంది బిడ్డా?"

"మంచం కోడు తగిలింది," అంది శకుంతల తల వంచుకుని.

కస్తూరి ఆ మచ్చల వంక చూసింది. కొవ్వు కరగాలని రోజూ నూనె రాసి ఆ కాళ్ళను పిసికింది తనే. పిల్ల ఏడిస్తే నాటకాలనుకుని తిట్టింది కూడా.

"మంచం కోడు గాదు డాక్టరమ్మా, నా చేతులే," అంది కస్తూరి. "ఎంత మొత్తుకున్నా ఇనలే. తప్పయింది బిడ్డా."

శకుంతల అమ్మ ముఖంలోకి బెదురుగా చూసింది.

"అమ్మా, ఇయ్యాల అన్నం తినొచ్చా?"