ఇనప తలుపు గది

వాచ్‌మన్‌కు అపార్ట్‌మెంటు గుండు సెక్రటరీ మీద కోపం ఇంకా చల్లారలేదు.

డాబా మీది గదిలో పదేళ్లు కాపురమున్న తన కుటుంబాన్ని మెట్ల కిందికి తోసి, ఆ గదిని ఆఫ్రికా నుంచి వచ్చినవాడికి అద్దెకిచ్చాడు మరి.

సెక్రటరీని ఏమీ అనలేడు. అందుకని కసంతా పైగదివాడి మీదే.

వాడు ఏ పని చేస్తాడో ఎవరూ అడగలేదు. మత్తుమందు అమ్ముతాడని మాత్రం అందరూ చెప్పుకునేవారు.

ఆ మధ్యాహ్నం ఊళ్లో గొడవ మొదలైంది. నల్లవాళ్ల దుకాణాలు తగలబెడుతున్నారు. ప్రభుత్వం చేసిందల్లా కరెంటు తీసేయడం.

కరెంటు పోగానే లిఫ్టు ఆగింది, అయిదు, ఆరు అంతస్తుల మధ్య. లోపల వాచ్‌మన్ భార్య. ఆవిడకు ఉబ్బసం.

అతను అయిదో అంతస్తు తలుపు సందుకు నోరానించి అరిచాడు.

"ఏమే, మందు పీల్చావా?"

"కిందే మర్చిపోయానయ్యా. ఊపిరాడట్లేదు."

పరుగున కిందికొచ్చి లిఫ్టు కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఈ గొడవల్లో మావాళ్లు రారు."

పోలీసులకు చేశాడు.

"సార్, లిఫ్టులో నా పెళ్లాం ఇరుక్కుంది. గుంపు మా వీధిలోకొచ్చేసింది."

"పైనుంచి ఆర్డర్ రావాలి. అందాకా గేటేసుకో."

"గేటు వాళ్లకొక అడ్డమా సార్?"

అవతల పెట్టేశారు.

అంతలో పైగదివాడు మెట్లు దూకుతూ దిగాడు. బోర్డుకున్న తాళంచెవుల్లో ఒకటి లాక్కుని, వచ్చినంత వేగంగానే పైకి పోయాడు.

వాచ్‌మన్ బోర్డు చూశాడు. డాబా మీది ఇనప తలుపు గది తాళంచెవి లేదు. నెలకోసారి కంపెనీవాళ్లు తప్ప ఎవరూ తెరవని గది అది.

ఇక్కడ నా పెళ్లాం చస్తుంటే వీడికి దాక్కోడానికి చోటు కావాల్సొచ్చిందా అని పళ్లు కొరికాడు.

గేటు విరిగింది.

"నల్లోడెక్కడ?" ముందున్నవాడి చేతిలో కడ్డీ ఉంది.

వాచ్‌మన్ మెట్ల కిందున్న తన ఇంటివైపు చూశాడు. వీళ్లు త్వరగా కదిలితే చాలు, మందు తీసుకుని భార్య దగ్గరికి పోవచ్చు.

"చెప్పవేం? వాడు నీ బావమరిదా?"

గుంపు నవ్వింది.

"డాబా మీద. ఇనప తలుపు గది. తాళం దొంగిలించి మరీ దూరాడు."

పదిమంది పైకెళ్లారు. తలుపు బద్దలైన చప్పుడు కిందిదాకా వినిపించింది.

కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చారు. మెట్టుమెట్టుకూ తల తగులుతోంది.

వాచ్‌మన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

గంట తర్వాత పోలీసులొచ్చారు. వెంట వచ్చిన అధికారి శవం మీద గుడ్డ కప్పించి, పరిస్థితి అదుపులో ఉందని ఎవరికో ఫోన్లో చెప్పాడు.

ఫైర్‌వాళ్లు గునపంతో లిఫ్టు తలుపు పెకలించారు. భార్య పెదాలు నల్లబడ్డాయి. మందు రెండుసార్లు పీల్చాక గానీ మాట పెగల్లేదు.

"ఆయనేడయ్యా?"

"ఎవరు?"

"పైగదాయన. లిఫ్టులు బాగుచెయ్యడమే నా పని, భయపడకక్కా అని పైనుంచి అరుస్తా, చేత్తో లిఫ్టు చక్రం తిప్పి నన్ను దించుకుంటా వచ్చాడు. ఇంక జానెడే ఉందక్కా అన్నాడు, మరి ఆ జానెడూ దించకుండా ఎక్కడికి పోయాడయ్యా?"