ఉమ్మడి కప్పలు

"తిరగ్గొట్టేశారా? మన ప్రాజెక్టునా?" లెక్కల ప్రొఫెసర్ కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు.

"అవును సార్. లెక్కల భాగం బొత్తిగా నిలవదని, దాన్ని పరిశీలించిన పెద్దాయన ఎవరో తేల్చేశారట. ఇప్పుడే ఆఫీసులో చెప్పారు."

"నా లెక్కలు నిలవవా! ఎవడు వాడు?"

"పేరు చెప్పరు సార్. మన పేర్లు కూడా పరిశీలించేవాళ్లకి కనపడనివ్వరట."

భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టిందామె. జంతుశాస్త్ర శాఖలో అందరూ ఆమెను కప్పలమ్మాయి అంటారు. చెరువు నిండా కప్పలు అరుస్తున్నా, ఒకదాని అరుపు మీద ఇంకొకటి పడకుండా ఎలా సర్దుకుంటాయన్నది ఆమె పరిశోధన. వినడం ఆమెకు వచ్చు, లెక్క కట్టడం రాదు. పైగా, రెండు శాఖలు కలిసి చేస్తేనే ఇకమీదట నిధులని విశ్వవిద్యాలయం కొత్త పద్ధతి పెట్టింది. అందుకే ఈ గది చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఈయన్ని ఒప్పించింది.

లెక్కల పేజీలు రాసివ్వమని అడిగి అడిగి, చివరికి పుస్తకాలు ముందేసుకుని తనే కుస్తీ పట్టింది. ఆయన మెట్ల మీదే ఆగి, కాగితాలు గోడకి ఆనించి సంతకం పెట్టేశాడు. "నువ్వు రాశాక ఇక నేను చూసేదేముంది తల్లీ!" అన్నాడు.

ఈ నెలాఖరుకి ఆమె ఉద్యోగం అయిపోతుంది. కప్పల గదిని అప్పుడే ఎవరో వచ్చి టేపు పెట్టి కొలుచుకుపోయారు.

"నువ్వేం బెంగపడకు. నీ చేపలకి నేనున్నాను," అన్నాడు ప్రొఫెసర్.

చేపలు కావు సార్ అని ఇదివరకే చెప్పింది, ఒకసారి కాదు. ఇవాళ ఓపిక లేక ఊరుకుంది.

ఆయన గదిలో అటూ ఇటూ పచార్లు మొదలుపెట్టాడు. "శాఖల మధ్య గోడలు పడగొడతామని వరండా నిండా పోస్టర్లు వేస్తే సరా? పక్క శాఖ పేరు వింటేనే మొహం చిట్లించేవాళ్లని తెచ్చి కూచోబెడితే ఇంతే. వాడసలు చదివి ఉండడు, రాసిపెట్టుకో!"

"పోనీ, మళ్లీ చూడమని మీరొక్క మాట రాస్తే..."

"రాయడమేంటి? వెళ్లి నిలదీస్తాను! ఇంకొకరి బతుకు చేతిలో ఉన్నప్పుడు ఒళ్లు దగ్గరపెట్టుకుని చూడొద్దూ? నా దగ్గరికీ పంపుతారు ఇలాంటివి. మొన్న రెండొచ్చాయి. ఒకటి బాగుంది, సరేనన్నాను. రెండోది..." చెప్పబోతూ ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎవడో మహానుభావుడు, కప్పల బెకబెకలకి సమీకరణాలు కడతాడట! లెక్కల్లో అఆలు కూడా రావు పాపం. మొదటి పేజీలోనే పక్కన పడేశాను."

నవ్వు పంచుకోమన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి మెల్లగా అంది.

"ఆ కప్పలు మనవే సార్."