మూడో అంచె

బొమ్మను బల్ల మీద నిలబెట్టి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, భూతద్దం బాబాయ్ కెమెరా ఆన్ చేశాడు.

ఆ పేరు పెట్టింది ఆయన వీడియోలు చూసేవాళ్లే. విప్పితే రోబోగా, మడిస్తే బండిగా మారే ఖరీదైన బొమ్మలను సేకరించి బీరువాల్లో దాచుకునేవాళ్లు లక్షా చిల్లర మంది ఆయన మాట మీద నడుస్తారు. ఆయన బాగుందంటే కొంటారు. పెదవి విరిస్తే ఆ బొమ్మ వంక కన్నెత్తి చూడరు. అందుకే ఏ బొమ్మనైనా ముప్ఫై సార్లు విప్పి, ముప్ఫై సార్లు మడిస్తే గాని ఆయన తీర్పు చెప్పడు. తలుపుల సందుల్లో పల్చటి కాగితం ముక్క దూర్చి చూస్తాడు. కాగితం దూరిందా, బొమ్మ తప్పినట్టే. ఈ పని ఉన్న రోజు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ కూర్చుంటాడు.

ఇవాళ్టి బొమ్మ ఎర్రటి రోబో. మడిస్తే ఫైరింజన్. చేతులు చక్రాల వెనక్కి పోతాయి, ఛాతీ డ్రైవర్ కూర్చునే క్యాబిన్ అవుతుంది, వీపు మీదున్న మూడంచెల నిచ్చెన ఒక్కో అంచే సాగుతూ పైకి లేస్తుంది.

దాన్ని తయారుచేసినావిడ పక్కనే కుర్చీ అంచున కూర్చుని ఉంది. పదేళ్లుగా వేరేవాళ్ల బొమ్మలకు చక్రాలు చేసిచ్చిన చిన్న వర్క్‌షాపు ఆమెది. సొంతంగా చేసిన మొదటి బొమ్మ ఇదే. ఇది అమ్ముడుపోకపోతే వర్క్‌షాపు మూసేసి పదకొండు మందిని ఇంటికి పంపాలి. ఆ సంగతి వస్తూనే చెప్పుకుంది. బాబాయ్ అంతా శ్రద్ధగా విని, జాలి వేరు, రివ్యూ వేరు అన్నాడు.

ఎనిమిదోసారి మడుస్తుండగా ఆయన భార్య తలుపు తోసింది. ఆఫీసు నుంచి డ్రైవర్ వచ్చాడట. ఏదో కాగితం మీద సంతకం కావాలట. దాని గడువు ఇవాళ్టితో సరి. బండి కిందే ఉందట, సారు ఒక్కసారి దిగివస్తే బాగుంటుందంటున్నాడట.

కూర్చోమని చెప్పమన్నాడు బాబాయ్, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. వీధిలో పిల్లల గోల మైకులో పడుతోందని కిటికీ కూడా మూయించాడు.

"వంటింట్లో కుళాయి రెండు నెలల్నుంచి కారుతోంది. దానికీ నాలుగు చక్రాలుంటే బాగుండేది," అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

పన్నెండు. పద్దెనిమిది. ఇరవై. బొమ్మ ఎక్కడా తడబడలేదు. సందుల్లో కాగితం దూరలేదు, రంగు పెచ్చు లేవలేదు. తయారుచేసినావిడ ముఖం కాస్త తేటపడింది, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. ఇరవై ఐదోసారికి బాబాయ్ "భేష్" అన్నాడు కూడా. ఆయన నోట ఆ మాట విని లోకానికి ఏడాది దాటింది.

ఈలోగా భార్య మరోసారి తొంగిచూసి, ఆ మనిషి గంట నుంచి కూర్చున్నాడని గుర్తుచేసింది. బాబాయ్ చెయ్యి మాత్రం ఊపాడు.

ఇరవై తొమ్మిదోసారి నిచ్చెన రెండు అంచెలు లేచి ఆగిపోయింది. మూడోది రాలేదు. బాబాయ్ చిటికెన వేలితో తట్టాడు. కదల్లేదు. కెమెరాకు దగ్గరగా పట్టి చూపించాడు. మళ్లీ తడితే టక్కున లేచింది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఒక్కసారే కదండీ," అంది ఆమె. "అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ. ఆ నిచ్చెన ఎవరెక్కుతారు చెప్పండి?"

బాబాయ్‌కి మనసు చివుక్కుమంది. రాతిగుండె ఏం కాదు ఆయనది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఫైరింజన్ అని పేరు పెట్టాక నిచ్చెన లేవాలమ్మా. లేవకపోతే అది ఎర్రరంగు పూసిన లారీ. నా మాట నమ్మేవాళ్లకి రేపు నేనేం జవాబు చెప్పుకోను?"

బాబాయ్ కెమెరా వైపు తిరిగి, ఈ బొమ్మ కొనొద్దని ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు. ఆమె బొమ్మను గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టుకుని, కళ్లొత్తుకుంటూ మెట్లు దిగింది.

బాబాయ్ ముందుగదిలోకి వచ్చాడు. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. మొహమాటానికి లొంగలేదన్న తృప్తి మాత్రం నిండుగా ఉంది. డ్రైవర్ లేచి నిలబడి కాగితం చాపాడు. అందులో పదహారు గళ్లున్నాయి. బాబాయ్ పైనుంచి కిందికి ఒక్క ఊపున పదహారు టిక్కులు కొట్టి, అడుగున సంతకం గిలికాడు.

"ఒక్క చిన్న ఇబ్బందుంది సార్. మీరోసారి కిందికొస్తే చూపిస్తాను," అన్నాడు డ్రైవర్ నసుగుతూ.

"ఇన్నాళ్లూ నడిచిందిగా, నడుస్తుందిలేవయ్యా," అన్నాడు బాబాయ్, వీడియోకి మంచి పేరు ఆలోచించుకుంటూ లోపలికి పోతూ.

కింద వీధిలో, పెట్టెను గుండెకు హత్తుకుని కదలకుండా నిలబడిపోయిన ఆవిడ చూస్తుండగానే, డ్రైవర్ తనిఖీ అధికారి సంతకమున్న ఆ కాగితాన్ని ముందు అద్దానికి అతికించి, మూడో అంచె బిగుసుకుపోయిన నిచ్చెనను తాళ్లతో కట్టేసిన, ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క ఫైరింజన్ ఎక్కి స్టార్ట్ చేశాడు.