పెద్ద ఫిడేలు జబ్బార్

“గదేంది బస్సు మీద? పీనుగు పెట్టెనా?”

కరీంనగర్ బస్టాండులో హమాలీ పైకి చూసి అడిగాడు.

“పాణమున్న సామాను. పైలంగ దించు,” అన్నాడు కింద నిలబడ్డ జబ్బార్.

మనిషంత పొడుగు నల్లపెట్టె. ఇద్దరు పట్టి దించారు. దాన్ని రిక్షాలో అడ్డంగా పెట్టించి, తాను పక్కన నడుచుకుంటూ సినిమా టాకీసుకు చేరాడు జబ్బార్.

ఆ మధ్యాహ్నం టాకీసులో పాటల కచేరి. చైనా యుద్ధం జరిగిన మరుసటేడు అది. సిపాయిల నిధి కోసం పాడడానికి మద్రాసు నుంచి సినిమా గాయని వకుళాదేవి వచ్చింది. వాయించేది మాత్రం ఊరి పార్టీ.

పార్టీకి పెద్ద లింగమూర్తి. హార్మోనియం మాస్టరు. తన వాయింపు నచ్చితే ఆమె తనను మద్రాసు తీసుకుపోతుందని ఆశ. ఆ ఆశతో వారం నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

“మాస్టరు సాబ్ మీరేనా? నేను జబ్బార్. ఖానాపూర్ నుంచి వచ్చిన. ఇయ్యాల మీతోని వాయిస్త.”

అడిగినట్టు లేదు. చెప్పినట్టుంది.

పెట్టె తెరిచాడు. లోపల మనిషెత్తు ఫిడేలు. లావుపాటి తీగలు నాలుగు. నిలబడి, వేళ్లతో లాగి వాయించాలి.

తబలా వెంకటి ఫక్కున నవ్వాడు.

“గింత పెద్దది యాడ నేర్సుకున్నవ్, భాయ్?”

“నైజాం ఫౌజు బ్యాండుల. బ్యాండు పోయింది, గిది మిగిలింది.”

“గివి సినిమా పాటలు. ఫౌజు పాటలు కావు,” అన్నాడు లింగమూర్తి. “వకుళమ్మ పాటలు ఎన్నడన్న విన్నవా?”

“విన్న.”

“రేడియోలనా?”

“దగ్గర నిలబడి.”

ఆ మాట పట్టించుకునే తీరిక లింగమూర్తికి లేదు.

“స్టేజి మీద జాగ లేదు, భాయ్. గిది చూస్తే జనం నవ్వుతరు.”

“తెర ఎనుక నిలబడ్త. చప్పుడుకు తెర అడ్డమా? కాకపోతే అయిదింటి బస్సుకు నేను పోవాలె. మా ఇంటామె మంచంల ఉన్నది. రాత్రి చూసుకునేటోళ్లు లేరు.”

లింగమూర్తికి జాలేసింది.

“సరే, నిలబడు. జర మెల్లగ వాయించు.”

కచేరి మొదలైంది. టాకీసు కిటకిటలాడుతోంది. రెండు పాటలు బాగానే నడిచాయి.

తర్వాతది అందరూ ఎదురుచూస్తున్న పాట. వకుళాదేవికి పేరు తెచ్చిన మొట్టమొదటి పాట.

లింగమూర్తి ఉత్సాహం పట్టలేక జోరుగా ఎత్తుకున్నాడు. వెంకటి అతని వెంటపడ్డాడు. స్టూడియో గోడల మధ్య పాడే అలవాటున్న మనిషి వకుళాదేవి. ఈలలు, కేకలు ఆమెకు కొత్త. చరణంలో గొంతు జారింది. తాళం తప్పింది. ఆగిపోయింది.

“రికార్డు పెట్టుండ్రి! గదే నయం!” బెంచీల్లోంచి ఎవడో అరిచాడు.

ఈలలు లేచాయి. ఆమె మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. లింగమూర్తి వేళ్లు హార్మోనియం మీదే బిగుసుకుపోయాయి.

అప్పుడు తెర వెనుక నుంచి వినపడింది.

దుమ్... దుమ్...

తొందర లేదు. బెదురు లేదు. చెవుల్లో కంటే గుండెల్లో ఎక్కువ మోగే చప్పుడు. ఈలల కింద నుంచి అది నడుస్తూనే ఉంది.

వకుళాదేవి గిర్రున వెనక్కి తిరిగింది. తెర తప్ప ఏమీ కనిపించలేదు.

కళ్లు మూసుకుంది. ఒక తాళావర్తం పోనిచ్చింది. రెండో ఆవర్తంలో అందుకుంది.

వెంకటికి తాళం దొరికింది. లింగమూర్తి వేళ్లు కదిలాయి. ఆమె గొంతు రికార్డులో కంటే పైకి లేచింది. బెంచీలు మాట్లాడడం మానేశాయి.

పాట అయిపోగానే టాకీసు చప్పట్లతో దద్దరిల్లింది. మళ్లీ పాడమన్నారు. మళ్లీ పాడింది.

ఆ తర్వాత మిగతా పాటలు, పూలదండలు, పెద్దల ఉపన్యాసాలు.

“మీ హార్మోనియం బాగుందండీ,” అంది వకుళాదేవి.

లింగమూర్తి నేల మీద లేడు.

“వెనకాల ఆ పెద్ద ఫిడేలు వాయించింది ఎవరండీ?”

“ఎవలో జబ్బార్ అట, ఖానాపూర్ మనిషి. చాన్సు కోసం వచ్చిండు. పాపమని పెట్టుకున్న.”

ఆమె మెడలో దండ తీసి కుర్చీలో పెట్టింది.

“ఏరీ? ఎక్కడున్నారు?”

“బస్సుకు పోయిండమ్మా.”

వకుళాదేవి గబగబా బయటికొచ్చి రిక్షా ఎక్కింది. లింగమూర్తి సైకిలు మీద వెంట తొక్కాడు.

బస్టాండులో దుమ్ము ఇంకా అణగలేదు. జగిత్యాల రోడ్డు మీద బస్సు చిన్నగా కనిపించి, మలుపు తిరిగిపోయింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

“పరేషాన్ కాకుండ్రి, అమ్మా. కబురు పంపి పిలిపిస్త,” అన్నాడు లింగమూర్తి. “మీరు మద్రాసుల ఒక్క మాట చెప్తే ఆయనకు గూడ చాన్సు దొరుకుతది.”

“మద్రాసులో ఆయన వాయించని పాటలు తక్కువండీ. భార్యకు జబ్బు చేసిందని అన్నీ వదిలేసి వచ్చేశారు. రికార్డు మీద ఆయన పేరు వెయ్యరు కదా, మీకెలా తెలుస్తుంది?”

లింగమూర్తి బస్సు పోయిన మలుపు వైపు చూశాడు.

వకుళాదేవి చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఆ పాట మొదటిసారి స్టూడియోలో పాడినప్పుడూ నేను ఆ చరణంలోనే ఆగిపోయాను, వేరే గాయనిని పిలవమని అందరూ కేకలేస్తుంటే, ‘గీ పిల్ల పాడితేనే నేను వాయిస్త’ అని ఫిడేలు నేల మీద పడుకోబెట్టి నా పక్కన నిలబడ్డ ఒకే ఒక్క మనిషి ఆయన.”